‘ఠ’తో ఒక ఆడపిల్ల పేరు

ఉద్యోగంలో ఏం చేశావని అడిగితే చెప్పుకోవడానికి అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. మా ఆయన స్నేహితుల్లో ఒకాయన వంతెనలు కట్టాడు, ఇంకొకాయన ఆనకట్టలకి గేట్లు బిగించాడు. మా ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం వారి ఫైళ్లకి ముప్పై ఏళ్లపాటు తాళ్లు కట్టాడు. నేను పదకొండేళ్లు పిల్లల పేర్లకి అర్థాలు రాశాను. ఆ అర్థాల్లో సగం అబద్ధాలు. మిగతా సగం పక్కవాడి పుస్తకంలోంచి ఎత్తుకొచ్చినవి కాబట్టి వాటి సంగతి నాకు తెలియదు.

మీ పేరు మీ బామ్మో తాతయ్యో పెట్టారని మీరు నమ్ముతూ ఉంటారు. మీరు తొంభైల్లో ఢిల్లీలో గనక పుట్టి ఉంటే ఒకసారి మీ అమ్మనడగండి. అటకమీద పాత సూట్‌కేసులో, పసుపుపచ్చ అట్టమీద బొద్దుగా నవ్వుతున్న పాప బొమ్మ ఉన్న పుస్తకం ఒకటి బయటపడవచ్చు. పడితే, ముందుగానే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

నేను విశాఖపట్నంలో సంస్కృతం ఎమ్మే చదివాను. ఆ చదువుతో ఏం చేయాలో తెలియక పెళ్లి చేసుకున్నాను. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో కాపురం. పిల్లలిద్దరూ బడికి వెళ్లడం మొదలయ్యాక పగలంతా ఇంట్లో నేనూ కుక్కరూ మిగిలాం. అప్పుడు పేపర్లో ఒక ప్రకటన కనబడింది. దరియాగంజ్‌లో కాగితాల దుకాణం పైన, రెండో అంతస్తులో రెండు గదుల ప్రచురణ సంస్థ. దాని యజమాని అరవయ్యేళ్ల పంజాబీ పెద్దమనిషి. అందరూ లాలాజీ అనేవారు, నేనూ అదే అన్నాను. ఆయన వేయని పుస్తకం లేదు. పచ్చళ్లు, ప్రేమలేఖలు, హస్తసాముద్రికం, నెల రోజుల్లో ఇంగ్లీషు, అన్నీ హిందీలోనే. ఇంగ్లీషు నేర్పే పుస్తకం కూడా ముప్పావు వంతు హిందీలోనే ఉండేది.

ఇంటర్వ్యూలో ఆయన ఒక్క ప్రశ్నే అడిగాడు. "ఏదైనా పేరుకి అర్థం తెలియకపోతే ఏం చేస్తావు బేటీ?"

"నిఘంటువు చూస్తానండి."

"అందులో లేకపోతే?"

"లేదని రాస్తాను."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "‘లేదు’ అని చదవడానికి ఎవడూ పుస్తకం కొనడు బేటీ" అన్నాడు. అయినా ఉద్యోగం ఇచ్చాడు. ఎమ్మే అని అట్టమీద వేసుకోవచ్చని.

వారం తిరక్కుండానే పని పట్టుబడింది. ఆడపిల్ల పేరుకి అర్థం దొరక్కపోతే పార్వతి అని రాయాలి. మరీ డబ్బున్నవాళ్ల పేరులా వినిపిస్తే లక్ష్మి. మగపిల్లాడి పేరయితే కళ్లు మూసుకుని విష్ణువు. దేవుళ్లు మరీ ఎక్కువయ్యారనిపిస్తే మధ్యమధ్య ఒక పువ్వు, ఒక తీగ, ఒక వెన్నెల. మా పుస్తకాన్ని నమ్మితే సంస్కృతంలో వెన్నెలకి వందకు పైగా మాటలున్నాయి, చీకటికి ఒక్కటీ లేదు. నా గురువులు చూసి ఉంటే డిగ్రీ వెనక్కి తీసుకునేవారు.

గదిలో నాతోపాటు పనిచేసేది ఒక్కడే, మా కంప్యూటర్ ఆపరేటర్. నడివయసు మనిషి. ఇరవై ఏళ్లు సీసపు అక్షరాలు ఏరి పేర్చిన చేతులతో ఆ కొత్త యంత్రం ముందుకి వచ్చి కూర్చున్నాడు. అతనికి పేరూ పట్టేది కాదు, అర్థమూ పట్టేది కాదు. పేజీ నిండుగా ఉండాలి, అంతే. ఎక్కడైనా తెల్లగా జాగా కనిపిస్తే అతనికి ప్రాణం విలవిల్లాడేది.

ఇక్కడ మా వ్యాపారం కిటుకు ఒకటి చెప్పాలి. పిల్ల ఏ నక్షత్రంలో ఏ పాదంలో పుట్టిందో చూసి పంతులుగారు ఒక అక్షరం చెబుతారు. ఆ అక్షరంతోనే పేరు మొదలవ్వాలి. స్వాతిలోనో రోహిణిలోనో పుడితే ఇబ్బంది లేదు, పేర్లు బుట్టలకొద్దీ దొరుకుతాయి. హస్త నాలుగో పాదంలో పుట్టిందనుకోండి, ‘ఠ’ వస్తుంది. ఠతో ఆడపిల్ల పేరు చెప్పండి చూద్దాం. మా ఆఫీసుకి ఉత్తరాలు వచ్చేవి, ‘పాపకి నాలుగు నెలలు నిండాయి, ఇంకా బేబీ అనే పిలుస్తున్నాం, ఠతో ఒక్క పేరు దయచేయించండి’ అని. ఆ ఉత్తరాలు చదివి లాలాజీ కళ్లు మెరిసేవి. అవతలి ప్రచురణకర్త పుస్తకంలో ఠ అక్షరమే లేదు. మన పుస్తకంలో ఉంటే ఆ తల్లిదండ్రులందరూ మనవాళ్లే. "ప్రతి అక్షరానికీ ఆడపిల్లల పేర్లు ఉండి తీరాలి" అని హుకుం జారీ చేశాడు.

మొదటి ముద్రణ ప్రెస్సుకి వెళ్లే రోజు. ఆపరేటర్ అరిచాడు, "మేడమ్, ఠ కింద శీర్షిక ఉంది, పేరు లేదు. లాలాజీ చూస్తే నన్ను కిందకి తోసేస్తాడు. ఏదో ఒకటి పడేయండి."

నేను నిఘంటువు తిరగేశాను. ఠతో సంస్కృతంలో ఉన్నవి గుప్పెడు మాటలు. వాటిని పిల్లకి పెడితే పెద్దయ్యాక తల్లిదండ్రుల మీద కేసు వేస్తుంది. సరిగ్గా అప్పుడే కింద రోడ్డుమీద ఒకావిడ, రెండు చేతుల్లో సంచులు, బస్సు వెనక పరిగెడుతూ "అరే ఠహరో! ఠహరో భయ్యా!" అని, ఆగమని అరుస్తోంది. ఆ రోజుల్లో ఢిల్లీలో కొత్తగా పుట్టిన ఆడపిల్లలందరి పేర్లూ ‘ఇక’తో ముగిసేవి. సారిక, చంద్రిక, నీహారిక. బుర్రలో రెండూ కలిశాయి.

"ఠహరిక" అన్నాను.

అతను టైపు కొట్టేశాడు. "అర్థం?"

"స్థిరంగా నిలిచేది. ఎక్కడికీ వెళ్లనిది."

"ఇంకా సగం లైను ఖాళీ ఉంది మేడమ్."

"పార్వతీదేవి."

"ఠీక్ హై" అన్నాడు. ఆ పేరు పుట్టి, అర్థం సంపాదించుకుని, దేవతగా మారేసరికి నా టీ ఇంకా చల్లారలేదు.

ఆ ఆదివారం అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనం పెట్టే క్యాంటీనుకి వెళ్లినప్పుడు మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన సాంబారు కలుపుకుంటున్నవాడల్లా ఆగి, "పసిపిల్లల విషయం. పాపం తగులుతుందేమోనే" అన్నాడు. "సాంబారు చల్లారిపోతుంది, తినండి" అన్నాను.

రెండో ముద్రణకి లాలాజీ పుస్తకం బలిపించాడు. ప్రతి పేరుకీ చరిత్ర ఉండాలట. బాగా వాడుకలో ఉన్న పేర్ల పక్కన నక్షత్రం గుర్తు ఉండాలట. ఠహరికకి ‘పూర్వం ఒక రాజర్షి కుమార్తె పేరు’ అని రాసిపడేశాను. ఏ రాజర్షి అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? నక్షత్రాలు వేసే పని ఆపరేటర్‌కి అప్పజెప్పాను. వచ్చి చూస్తే ఠహరిక పక్కన పెద్ద నక్షత్రం.

"ఇది వాడుకలో ఉన్న పేరని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఆ పేజీలో నక్షత్రాలు లేక బోసిగా ఉంది మేడమ్" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది మా రంగంలో అందరూ చేసేదే. మేము పక్కవాళ్లని కాపీ కొట్టాం, పక్కవాళ్లు మమ్మల్ని కొట్టారు. ఏడాది తిరిగేసరికి ఇంకో మూడు పుస్తకాల్లో ఠహరిక వెలిసింది. ఒకదానిలో పార్వతి, ఒకదానిలో దుర్గ, మూడోవాడు ఇంకాస్త ముందుకి వెళ్లి గ్రీకు భాషలో కూడా ఉందని రాశాడు. లాలాజీ మొదట దొంగవెధవలని తిట్టాడు, తర్వాత సంతోషించాడు. నిజం చెప్పొద్దూ, నాలుగు పుస్తకాల్లో వరసగా చూసేసరికి నాకే అనుమానం వచ్చింది, ఏమో, నిజంగానే ఎక్కడైనా ఉందేమోనని.

అయిదారేళ్లు గడిచాయి. మార్చి నెల, బళ్లలో ఒకటో తరగతి ప్రవేశాల కాలం. ఒకరోజు పదకొండు గంటలకి ఒకామె మెట్లెక్కి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. భుజానికి గుడ్డసంచి, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, వెనకే అయిదేళ్ల పిల్ల. పిల్ల సన్నగా పుల్లలా ఉంది. వచ్చీరాగానే ఆపరేటర్ దగ్గరికి పోయి కంప్యూటర్ వైర్లు పరీక్షించడం మొదలుపెట్టింది.

ఆమె నాతో హిందీలో, "పేర్ల పుస్తకం రాసినవాళ్లు ఎవరండీ?" అని అడుగుతూనే వెనక్కి తిరిగి, "అది ముట్టుకోకే, షాక్ కొడుతుంది!" అని తెలుగులో కసిరింది.

"మీరు తెలుగువాళ్లా? రండమ్మా, కూర్చోండి" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. "కాకినాడండి మాది. జనక్‌పురిలో ఉంటాం. ఈయన కంప్యూటర్ కంపెనీలో పని చేస్తారు. అమ్మయ్య, తెలుగువాళ్లు దొరికారు, హిందీలో అయితే నేను సరిగ్గా పోట్లాడలేను కూడా."

"పోట్లాడ్డానికి వచ్చారా?"

"మీతో కాదండి. మా ఇంట్లో." అంటూ సంచిలోంచి పుస్తకాలు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి మాది, మిగతా మూడూ ఆ దొంగలవి. నాలుగింటిలోనూ ఒక్కో పేజీ దగ్గర బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి ఉంది. తెరవక్కర్లేకుండానే నాకు సంగతి తెలిసిపోయింది.

"మా పాప పేరు ఠహరిక అండి" అంది.

ఎక్కడో ఎవరో పెట్టుకునే ఉంటారని నాకు తెలుసు. అయినా ఆ పేరున్న పిల్ల నా ఎదురుగా నిలబడి మా స్టాప్లరు టకటకా నొక్కుతుందని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు.

ఆమె చెప్పిన కథ ఇది. నెల కిందట అత్తగారు ఊరినుంచి వచ్చారు. ఆవిడతోపాటు ఆవిడ అన్నగారు కూడా దిగారు. ఆయన కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయిన మనిషి. పిల్ల పేరు విని, దానికి ధాతువేమిటి, మూలమేమిటి అని కూపీ లాగారు. నాలుగు పుస్తకాలూ చూపిస్తే, నాలుగూ ఒక గాడిద ఈనిన పిల్లలే అని తేల్చారు.

"‘ఇది బస్సులో అరిచే మాటమ్మా. సంస్కృతం కాదు, సంస్కారమూ కాదు. శారద అని పెట్టుకో’ అంటున్నారండి. అత్తగారు ఆయన మాట జవదాటరు. బర్త్ సర్టిఫికెట్లో ఇంకా పేరు ఎక్కించలేదు. ఇప్పుడు బళ్లో ఏది రాస్తే అదే జన్మంతా ఖాయం కదండీ. ఫారం ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. రెండు గంటలకి ఆఫీసు మూసేస్తారు."

"మీ ఆయన ఏమంటారు?"

"మీరూ మీరూ తేల్చుకోండని చెప్పి ఆఫీసుకి వెళ్లిపోయారండి."

అందరి ఇళ్లలోనూ అలాంటి ఆయనలే. "శారద కూడా మంచి పేరే కదమ్మా" అన్నాను, ఎందుకైనా మంచిదని.

"మంచి పేరేనండి. మా పిల్ల పేరు కాదు" అంది. "పాత పుస్తకంలో ఒక్కచోట మూలం చూపిస్తే ఇక నోరెత్తనని ఆ మాస్టారు మాటిచ్చారు. అది రాసినవాళ్లు మీరు. ఎక్కడినుంచి తీసుకున్నారో చూపించండి, దండం పెడతాను."

అప్పుడు నేను నిజం చెప్పి ఉండాల్సింది. సంస్కృతం ఎమ్మేని, వయసులో పెద్దదాన్ని, ఊరుకాని ఊళ్లో తెలుగుదాన్ని. నోరు మాత్రం దాని పాటికి అది, "ఉందమ్మా, ఒక పాత కోశంలో ఉంది" అనేసింది.

"ఆ పేజీ జిరాక్స్ ఇప్పిస్తారా?"

అబద్ధం ఆడడం రాని మనిషిని కాదు, కాని ఇంత త్వరగా రసీదు అడుగుతారని అనుకోలేదు. "గోడౌనులో ఉంది, తెప్పిస్తాను" అని లోపలి గదిలోకి పారిపోయాను.

లాలాజీ తలుపు వెనకనుంచి అంతా విన్నాడు. తెలుగు కాబట్టి ఠహరిక తప్ప ముక్క అర్థం కాలేదు, సంగతంతా నేను చెప్పాను. ఆయన మొహంలో కొంచెమైనా కంగారు లేదు. "కోశం లేకపోతే తయారు చెయ్యి. మనం నడుపుతున్నది ప్రెస్సు కాదూ?" అన్నాడు. నేను కుదరదన్నాను. "ఆ మాస్టరు పేపరుకి ఉత్తరం రాస్తే మూడో ముద్రణ ఎవరు కొంటారు? అదీగాక, పాపం, ఆ అమ్మాయి పని అవుతుంది. పుణ్యం" అన్నాడు.

పుణ్యం మాట వినబడగానే నా చెయ్యి కలం తీసుకుంది. ఇక్కడ నా దుర్బుద్ధి కూడా ఒప్పుకోవాలి. ఎమ్మే అయ్యాక నేను శ్లోకం రాసింది లేదు. పాదానికి ఎనిమిది అక్షరాలు, నాలుగు పాదాలు, అమ్మవారి నామాలు వరసగా పేర్చి, మూడో పాదంలో ఠహరికని కూర్చోబెట్టాను. ఎక్కడా ఛందస్సు తప్పలేదు. పావుగంటలో అయిపోయింది. సిగ్గుపడాల్సిన సమయంలో నాలో నేను మురిసిపోయాను.

ఆపరేటర్ వెతికి వెతికి పాతకాలపు అచ్చులా కనబడే అక్షరాలు ఎంచాడు. శ్లోకానికి పైనా కిందా ఇంకేవో శ్లోకాలు ఒక స్తోత్రం పుస్తకంలోంచి తెచ్చి అతికించాడు. మూల మూడువందల చిల్లర పేజీ సంఖ్య వేశాడు. అచ్చు తీసి, కిందకి వెళ్లి జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్ తీయించడానికి బయల్దేరాడు. "మూడోసారికి వందేళ్ల వయసు వస్తుంది మేడమ్, మీరే చూడండి" అన్నాడు గర్వంగా.

అతను వచ్చేదాకా నేను ఆమె ఎదురుగా కూర్చోక తప్పలేదు. సమోసాలు తెప్పించాను. పిల్ల ఖాళీ అయిన కంప్యూటర్ కుర్చీ ఎక్కి ఒకే మీట నొక్కుతూ తెరనిండా వంద సున్నాలు నింపింది.

"ఇంత పట్టుదల ఎందుకమ్మా ఈ పేరు మీద?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"ముందు రెండు పోయాయండి" అంది ఆమె. "ఇది ఏడో నెలలో పుట్టింది. నలభై రోజులు గాజుపెట్టెలో పెట్టారు. రోజూ డాక్టరు ‘ఇవాళ చెప్పలేం, రేపు చూద్దాం’ అనేవాడు. మా అమ్మమ్మ బతికుంటే పిల్లని ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి పుల్లమ్మ అని పిలిపించేది. పెంటమ్మ, పుల్లమ్మ అంటే చావుకి కూడా రోతపుట్టి వదిలేస్తుందంట కదండీ. నేను చదువుకున్నదాన్ని కదా, పుల్లమ్మ అనలేకపోయాను. ఆస్పత్రి బయట ఫుట్‌పాత్ మీద మీ పుస్తకం కొన్నాను. పంతులుగారు ఠ వచ్చింది, కష్టం, టతో సరిపెట్టుకోండి అన్నారు. తెరిచి చూస్తే ఠ కింద ఒక్కటే పేరుంది. ఎక్కడికీ వెళ్లనిది అని అర్థం రాసి ఉంది. ఆ గాజుకి మొహం ఆనించి రోజూ అదే పేరుతో పిలిచానండి. నర్సులు నవ్వేవారు. నలభై ఒకటో రోజు ఇంటికి తెచ్చుకున్నాను."

సమోసా చేతిలోనే ఉండిపోయింది. అదే సమయానికి ఆపరేటర్ వందేళ్ల వయసున్న కాగితం పట్టుకుని వచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఆమె వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మూడో పాదం దాకా వచ్చింది. కూతురి పేరు కనబడగానే ఆగిపోయింది. కాగితం మడిచి రెండు కళ్లకీ అద్దుకుంది.

దేవుడి ప్రసాదం తీసుకున్నట్టు అద్దుకుంది. ఆ కాగితానికి జిరాక్స్ మిషను వేడి ఇంకా సరిగ్గా ఆరలేదు.

"అది నేను రాసిందమ్మా" అన్నాను. "ఇప్పుడే, లోపలి గదిలో. కోశం లేదు, ఏమీ లేదు. ఆ పేరు కూడా నేనే పుట్టించాను. కింద రోడ్డుమీద ఒకావిడ బస్సు వెనక అరుస్తుంటే విని పెట్టేశాను. మీ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం."

కోశం, బస్సు అన్న రెండు మాటలకే సంగతి పసిగట్టి లాలాజీ లోపలినుంచి ఉరికొచ్చాడు. "మేడమ్‌కి పొద్దుటినుంచి ఒంట్లో బాగోలేదు బెహన్‌జీ" అంటూ మొదలుపెట్టాడు. ఆమె ఆయన వైపు చూడలేదు, నన్నే చూస్తోంది.

"రాజర్షి కూతురు?"

"అదీ నేనే అల్లాను."

"పార్వతీదేవి?"

"లైను సగం మిగిలిందమ్మా."

"మీకు పిల్లలున్నారాండీ?"

"ఇద్దరు."

"వాళ్ల పేర్లు మీ పుస్తకంలోంచి పెట్టుకున్నారా?"

"లేదు. మా అమ్మ పేరూ, మా అత్తగారి పేరూ పెట్టుకున్నాం."

"అంతేలెండి" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "మీ పిల్లలకి మనుషుల పేర్లు పెట్టుకున్నారు. మా పిల్లలకేమో లైన్లు నింపే పేర్లు."

ఆ రోజే రాజీనామా కాగితం లాలాజీ మొహాన కొట్టానని రాస్తే మీకు చదవడానికి బాగుంటుంది. కొట్టలేదు. ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు అక్కడే పనిచేశాను, పండక్కి బోనస్ కూడా తీసుకున్నాను. మూడో ముద్రణలో ఠహరిక పక్కనుంచి పార్వతినీ, రాజర్షినీ, నక్షత్రాన్నీ పీకేశాను, అంతే. పుస్తకం నిండా ఉన్న మిగతా పార్వతుల జోలికి పోలేదు. ఏ ఆస్పత్రిలో ఏ తల్లి ఏ లైను పట్టుకుని కూర్చుందో తెలియనప్పుడు ఏది పీకడానికీ చెయ్యి రాలేదు.

ఆమె నాలుగు పుస్తకాల్లోంచీ బస్సు టికెట్లు ఒక్కొక్కటే బయటికి తీసింది. గోడ గడియారం పన్నెండు దాటింది. నేనే, "టైమవుతోందమ్మా, బడి మూసేస్తారు" అన్నాను. శారద అని రాసుకుంటుందనే అనుకున్నాను. ఆమె రాస్తే తప్పు పట్టే హక్కు కూడా నాకు లేదు.

"ఎక్కడికీ వెళ్లనిది అని రాసేటప్పుడు మీరేమనుకున్నారండీ?" అని అడిగింది.

"ఏమీ అనుకోలేదు. నోటికి ఏది వస్తే అది రాయించాను."

"నేను అనుకున్నానండి" అంది. "మీరు ఊరికే రాశారు. నేను నలభై రోజులు అనుకున్నాను. ఆ అర్థం మీది కాదు ఇంక."

ఫోల్డరు తెరిచి ఫారం బయటికి తీసింది. కలం కోసం సంచిలో వెతుక్కుంటూ, మామూలు సంగతి అడిగినట్టే అడిగింది. "ఆ రోజు ఆ బస్సు ఆగిందాండీ?"

నేను కాసేపు గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. ఇంతవరకూ ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ తలుచుకోలేదు. "ఆగింది" అన్నాను. "కొంచెం ముందుకి పోయి ఆగింది. ఆవిడ సంచులతో సహా ఎక్కింది."

"అయితే సరే" అంది ఆమె.

నా కలమే అందుకుని పేరు గడిలో నింపాదిగా, ఒక్కో అక్షరం గుండ్రంగా రాసింది. శ్లోకం కాగితం నాకు తిరిగిచ్చేసింది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఆ మాస్టారికి మూలం లేదనే చెబుతాను. బస్సు మాటే మావయ్యగారూ, మీరే గెలిచారు, పేరు మాత్రం ఇదే అంటాను. అరుస్తారు. కాసేపు అరవనిస్తాను."

"నేనొచ్చి చెప్పనా అమ్మా? తప్పు నాది కదా" అన్నాను.

"వద్దండి. మీరొస్తే మళ్లీ ఏదైనా చెబుతారు" అంది. మొదటిసారి ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. లాలాజీ కూడా నవ్వబోయి నా మొహం చూసి మానుకున్నాడు.

ఆపరేటర్ పిల్లని కుర్చీలోంచి దించాడు. ఆ అయిదేళ్ల మనిషి చేతులకంటిన సమోసా నూనె గౌనుకి తుడుచుకుని నా ముందుకి వచ్చి నిలబడింది. తల్లి, "ఆంటీకి నమస్తే చెప్పు" అంది. చెప్పింది.

"నీ పేరుకి అర్థమేంటో తెలుసా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. నేను రాయించిన మాట ఆ నోట ఎలా ఉంటుందో వినాలనిపించింది.

ఇంత తేలిక ప్రశ్న అడిగినందుకు ఆశ్చర్యపోయినట్టు నన్ను చూసింది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చింది. "మైఁ కహీఁ నహీఁ జాతీ." నేనెక్కడికీ వెళ్లను.

అలా అన్న పిల్ల, తల్లి సంచి సర్దుకునేలోపే రెండేసి మెట్లు దూకుతూ కిందకి వెళ్లిపోయింది. తల్లి "ఆగవే, ఆగు!" అని అరుస్తూ దాని వెనకే పరిగెత్తింది.